జరిగే గోడ చెప్పిన పాఠం

జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో కొందరు విద్యార్థులు తమ వసతి గృహాన్ని తామే తలపెట్టారు, నిధులు తామే కూడగట్టారు, లోపలి గోడలు తామే చేసుకున్నారు. దాని వెనుక ఒక ఆర్కిటెక్ట్, ఆయన వెనుక ఒక గురువు, ఆ గురువు వెనుక నలభై ఏళ్ల ఆలోచన ఉన్నాయి. ‘ఇల్లు ఎలా కట్టాలి’ అన్న ప్రశ్నతో మొదలైన ఆ ఆలోచన ‘మనిషికి ఎంత ఇల్లు కావాలి’ అన్న ప్రశ్న దగ్గర ఆగింది. స్లాబు కింద చెమటోడుస్తున్న మనకూ ఆ ప్రశ్నతో పని ఉంది.

హైడెల్‌బర్గ్ ఊరికి దక్షిణాన రోర్‌బాఖ్ అనే పేట ఉంది. అక్కడ నాలుగంతస్తుల కొయ్య భవనం. పేరు కొల్లేగియుం అకాడెమికుం. 2023 నుంచి విద్యార్థులు అందులో కాపురముంటున్నారు. మొత్తం 176 మందికి చోటుంది. ముగ్గురో నలుగురో కలిసి ఒక వాటాలో ఉంటారు. వంటిల్లు, స్నానాల గది, కూర్చునే చోటు ఉమ్మడి. ఒక్కొక్కరికీ సొంతంగా ఒక గది.

ఆ గదిలోకి వెళ్లి చూద్దాం. వైశాల్యం 14 చదరపు మీటర్లు, అంటే మన లెక్కలో 150 చదరపు అడుగులు. అందులో సగం మంచానికీ, బల్లకూ, బట్టలకూ సరిపోతుంది. మిగతా సగాన్ని ఏం చేసుకోవాలన్నది ఆ విద్యార్థి ఇష్టం. నడుమ ఉన్న గోడ కొయ్య పలకలది. ఇటుకా లేదు, సిమెంటూ లేదు. పలకలు ఊడదీసి వెనక్కి జరిపితే గది 7 చదరపు మీటర్లకు కుదించుకుపోతుంది. అలా వదిలిన చోటు బయటి ఉమ్మడి హాల్లో కలుస్తుంది. నలుగురూ జరిపితే హాలు ఒక్కసారిగా పెద్దదవుతుంది. పదిమందిని పిలిచి భోజనం పెట్టొచ్చు, నాటకం రిహార్సల్ చేసుకోవచ్చు. పరీక్షల కాలం వస్తే ఎవరి గోడ వాళ్లు మళ్లీ ముందుకు తెచ్చుకోవచ్చు.

ఆ పలకల్ని కంప్యూటరుతో నడిచే కోత యంత్రం మీద కోసి, బిగించింది అక్కడి విద్యార్థులే. భవనం అస్థిపంజరాన్ని నిపుణులు నిలబెట్టారు. లోపలి ఇంటిని ఉండబోయేవాళ్లు తీర్చుకున్నారు. చూడటానికి చిన్న ఏర్పాటే. అయితే ‘నాకు ఎంత చోటు అవసరం’ అన్న ప్రశ్నకు ప్రతి విద్యార్థీ తన చేత్తో గోడ జరిపి జవాబు చెప్పుకోవాలి. ఏ పాఠ్యపుస్తకమూ ఇంత సూటిగా ఈ పాఠం చెప్పలేదు.

తరగతి, ప్రయోగశాల, పునాది గుంట

ఈ భవనానికి నమూనా గీసింది డీజీజే అనే ఆర్కిటెక్టుల సంస్థ. దాని వ్యవస్థాపకుల్లో ఒకరు హాన్స్ డ్రెక్స్‌లర్. ఇళ్లు గీస్తాడు, కాలేజీలో పాఠాలు చెబుతాడు, ఇళ్ల మీద పరిశోధన చేసి పుస్తకాలు రాస్తాడు. ఈ మూడు పనుల్నీ వేరు చేయకపోవడం ఆయన ఒక గురువు దగ్గర చూసిన పద్ధతి. ఆ గురువు పేరు మాన్‌ఫ్రెడ్ హెగ్గర్.

హెగ్గర్ 1946లో పుట్టాడు. 1980లో కాసెల్ నగరంలో సహచరులతో కలిసి సంస్థ పెట్టి, పర్యావరణానికి భారం కాని ఇళ్లు కట్టడం మొదలుపెట్టాడు. 2001లో డార్మ్‌స్టాట్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. శక్తి పొదుపు, భవన నమూనా రెండింటినీ ఒకే బల్ల మీద బోధించే విభాగం ఆయనది. కరెంటు లెక్కలు ఇంజినీరు చూసుకుంటాడు, అందం ఆర్కిటెక్టు చూసుకుంటాడు అన్న పాత పంపకాన్ని ఆయన ఒప్పుకోలేదు. కిటికీ ఎటు పెట్టాలో నిర్ణయించేటప్పుడే ఆ ఇంటి కరెంటు బిల్లు సగం తేలిపోతుందన్నది ఆ బోధనలోని సారం.

ఆ బోధనకు లోకం ముందు పరీక్ష 2007లో ఎదురైంది. అమెరికా ఇంధన శాఖ నడిపిన ‘సోలార్ డెకాథ్లాన్’ అనే పోటీ అది. విశ్వవిద్యాలయ విద్యార్థులు సూర్యరశ్మితోనే నడిచే ఇంటిని కట్టి, వాషింగ్టన్ నడిబొడ్డున నేషనల్ మాల్ మైదానంలో నిలబెట్టాల్సి ఉండేది. అందులో బట్టలు ఉతకాలి, వంట చేయాలి, నీళ్లు కాచాలి, దీపాలు వెలిగించాలి అన్నది నియమం. అందానికీ మార్కులుండేవి, సౌకర్యానికీ మార్కులుండేవి. హెగ్గర్ విద్యార్థులు జర్మనీ నుంచి ఇంటి భాగాలు సముద్రం దాటించి, అక్కడ బిగించి, 20 జట్లలో మొదటి స్థానం గెలిచారు. 2009లో మళ్లీ వెళ్లి మళ్లీ గెలిచారు. రెండో ఇంటికి కప్పు మీదే కాకుండా గోడల మీద కూడా సౌర పలకలు తొడిగారు. ఆ విద్యార్థులు ఇంటిని కాగితం మీద వదిలేయలేదు. మోశారు, బిగించారు, వాడి చూశారు, కొలిచారు. పట్టా చేతికొచ్చేనాటికి వాళ్ల అరచేతులకు పని తెలుసు.

హెగ్గర్ 2016లో కన్నుమూశాడు. ఆయన విభాగంలో పనిచేసినవారిలో డ్రెక్స్‌లర్ ఒకడు. తర్వాత తానూ ఆచార్యుడై మ్యూన్‌స్టర్‌లో, ఓల్డెన్‌బర్గ్‌లో పాఠాలు చెప్పాడు. అంతకుముందు ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో ఒక ప్రయోగం చేశాడు. రెండు భవనాల నడుమ ఎవరికీ పనికిరాదని వదిలేసిన చిన్న సందు జాగాలో, 2008లో, నిలువుగా ఒక ఇల్లు లేపాడు. దాన్ని పరిశోధనగా మలిచి ఒక లెక్క వేశారు. ఇల్లు కట్టడానికి పట్టే శక్తి ఎంత, నడపడానికి ఎంత అన్నదాంతో లెక్క ఆగలేదు. ఊరి చివర ఇల్లు కడితే దానికోసం వేయాల్సిన రోడ్డు, పైపులైను, రోజూ తిరగాల్సిన కారు, పోయే భూమి కూడా ఖాతాలోకి వచ్చాయి. ఊరి నడుమ చిన్న ఇల్లు, ఊరి బయట పెద్ద ‘పచ్చటి’ ఇంటికన్నా భూమికి తక్కువ బరువని ఆ లెక్క చెప్పింది. హైడెల్‌బర్గ్ జరిగే గోడకు బీజం అక్కడే కనిపిస్తుంది.

లీటరున్నర నూనెతో ఏడాది వెచ్చదనం

ఈ కథలో హైడెల్‌బర్గ్ నగరానికీ పెద్ద పాత్ర ఉంది. 1386లో పుట్టిన విశ్వవిద్యాలయం, నెక్కర్ నది ఒడ్డు, ఎర్ర ఇసుకరాతి కోట శిథిలాలు చూడటానికి ప్రపంచం అక్కడికి వస్తుంది. భవన నిర్మాణం చదివేవాళ్లు మాత్రం రైల్వే స్టేషన్ వెనక్కి నడుస్తారు. మూతపడిన సరకు రైళ్ల యార్డు జాగాలో 116 హెక్టార్ల మేర లేచిన కొత్త పేట అక్కడుంది. దాని పేరు బాన్‌స్టాట్, అంటే ‘రైలు పట్నం’. 2012లో మొదటి కుటుంబాలు దిగాయి. అక్కడి ఇళ్లు, బడి, సినిమా హాలు అన్నీ ‘పాసివ్ హౌస్’ పద్ధతిలో కట్టినవే. ఆ పద్ధతిలో ఇంత పెద్ద పేట లేవడం ప్రపంచంలోనే అరుదు.

ఏమిటీ పాసివ్ హౌస్? హైడెల్‌బర్గ్‌కు ఉత్తరాన గంట ప్రయాణం లోపే ఉన్న డార్మ్‌స్టాట్‌లో, 1991లో, వోల్ఫ్‌గాంగ్ ఫైస్ట్ అనే భౌతిక శాస్త్రవేత్త నాలుగు ఇళ్ల వరస ఒకటి కట్టించి, అందులో ఒక ఇంట్లో తన కుటుంబంతో దిగాడు. స్వీడన్ ఆచార్యుడు బో ఆడమ్‌సన్‌తో 1988లో చేసిన ఆలోచనల ఫలం అది. సూత్రం మన ఫ్లాస్కు సూత్రమే. లోపల వేడి ఉంటే బయటకు పోనివ్వకూడదు. గోడలకు మందంగా దుప్పటి లాంటి ఇన్సులేషన్ తొడుగుతారు. కిటికీలకు మూడు పొరల అద్దాలు పెడతారు. గాలి జొరబడే సందులన్నీ మూసేస్తారు. మరి ఊపిరాడేదెలా? ఒక యంత్రం బయటి గాలిని లోపలికి, లోపలి గాలిని బయటికి నడుపుతూ, పోయే గాలిలోని వేడిని వచ్చే గాలికి అప్పగిస్తుంది. మనుషుల ఒంటి వేడి, పొయ్యి వేడి, కిటికీలోంచి పడే ఎండ కలిస్తే చలికాలం చాలావరకు గడిచిపోతుంది.

బయట మంచు కురుస్తున్న రోజున ఆ కిటికీ లోపలి అద్దం మీద అరచెయ్యి ఆనిస్తే చల్లగా తగలదు. కిటికీ పక్కన కూర్చుని చదువుకునే పిల్లకు స్వెట్టరు అక్కర్లేదు. శాస్త్రమంతా ఆ అరచేతి అనుభవంలో ఇమిడి ఉంది.

లెక్కలోకి వస్తే, పాసివ్ హౌస్‌ను వెచ్చగా ఉంచడానికి ఏడాదికి చదరపు మీటరుకు పట్టే శక్తి 15 యూనిట్లకు మించకూడదు. నూనె కొలతలో అది లీటరున్నర. పాత జర్మన్ ఇళ్లలో ఇంతకు పదింతలు కాలేవి. పుస్తకంలో రాసిన అంకె వేరు, జనం కాపురం చేసే ఇంట్లో మీటరు చూపే అంకె వేరు అని అందరికీ అనుమానం. అందుకే ఫైస్ట్ స్థాపించిన పరిశోధనా సంస్థ బాన్‌స్టాట్‌లో వెయ్యికి పైగా ఇళ్ల మీటర్లు చూసి 2014 వాడకాన్ని లెక్కగట్టింది. సగటు 15 యూనిట్లకు ఆవగింజంత తక్కువే వచ్చింది. గీసిన గీత, కట్టిన గోడ, బతికిన బతుకు ఒకే అంకె దగ్గర కలిశాయి.

మిగిల్చింది ఎక్కడికి పోయింది?

ఇంత పొదుపు చేసిన దేశంలో ఇళ్ల వల్ల వచ్చే భారం అనుకున్నంత తగ్గలేదు. కారణం ఒక అంకెలో ఉంది. 1991లో జర్మనీలో సగటు మనిషికి ఇంటి చోటు 35 చదరపు మీటర్లు. ముప్ఫై ఏళ్లు గడిచేసరికి అది 47 దాటింది. కుటుంబాలు చిన్నవయ్యాయి, ఇళ్లు పెద్దవయ్యాయి. చదరపు మీటరు మీద ఆదా చేసినదాన్ని పెరిగిన చదరపు మీటర్లు తినేశాయి.

డ్రెక్స్‌లర్ సంస్థ, కొల్లేగియుం విద్యార్థులు కలిసి గురి పెట్టింది ఈ అంకె మీదే. గోడకు ఇంకో పొర తొడగడం కన్నా గోడను జరపడం పెద్ద పొదుపు. అయితే దాన్ని చట్టంతో జరిపించలేం. ఉండేవాడికి మనసు రావాలి. మనసు రావాలంటే పంచుకున్న చోటులో ఆనందం కనబడాలి. అందుకే ఆ భవనంలో ఉమ్మడి చోటు మీద అంత శ్రద్ధ పెట్టారు.

ఈ పంచుకునే బుద్ధికి అక్కడ పాత చరిత్ర ఉంది. 1945లో, నాజీ పాలన కూలిన వెంటనే, హైడెల్‌బర్గ్‌లో ఇదే పేరుతో ఒక విద్యార్థి గృహం మొదలైంది. పిల్లలు ప్రజాస్వామ్యాన్ని కలిసి ఉంటూ నేర్చుకోవాలన్నది ఉద్దేశం. తమ ఇంటిని విద్యార్థులే నడుపుకునేవారు. 1978లో దాన్ని పోలీసులతో ఖాళీ చేయించారు. ముప్ఫై అయిదేళ్లకు కొత్త తరం విద్యార్థులు ఆ పేరును మళ్లీ తలకెత్తుకున్నారు. వాళ్లకు దొరికిన స్థలం ఒకప్పటి అమెరికా సైనిక ఆసుపత్రి ఆవరణ. రెండో ప్రపంచ యుద్ధపు సేనాని జనరల్ పాటన్ 1945 డిసెంబరులో తుదిశ్వాస విడిచిన ఆసుపత్రి అదే.

డబ్బు? బ్యాంకు అప్పు కొంత, ప్రభుత్వ సాయం కొంత. మిగతాది తెలిసినవాళ్లూ ఊరివాళ్లూ తక్కువ వడ్డీకి ఇచ్చిన చేబదుళ్లు. ‘మీట్స్‌హాయ్‌జర్ సిండికాట్’ అనే ఉమ్మడి సంఘంలో చేరి, ఈ భవనాన్ని భవిష్యత్తులో ఎవరూ లాభానికి అమ్ముకోలేని విధంగా పత్రాలు రాసుకున్నారు. 2012 నుంచి 2022 దాకా నగరంలో జరిగిన అంతర్జాతీయ భవన నిర్మాణ ప్రదర్శన దీన్ని తన పథకాల్లో చేర్చుకుంది. జ్ఞానమే నగరాన్ని కడుతుందన్నది ఆ ప్రదర్శన నినాదం. తలపెట్టిన నాటి నుంచి గృహప్రవేశం దాకా పదేళ్లు పట్టింది. మొదలుపెట్టినవాళ్లలో ఎందరో చదువు ముగించి వెళ్లిపోయారు. తాము ఉండబోని ఇంటికోసం అన్నేళ్లు తిరిగిన ఆ పిల్లల ముందు తలవంచాలనిపిస్తుంది.

భవనపు అస్థిపంజరం గురించి ఒక మాట. దూలాలనూ స్తంభాలనూ కలిపే చోట ఇనుప పట్టీలు, బోల్టులు వాడకుండా కొయ్యను కొయ్యతోనే బిగించారు. మన వడ్రంగి మేకు కొట్టకుండా ద్వారబంధం చెక్కలు ఒకదానిలో ఒకటి దింపుతాడే, ఆ విద్యే. రేపు ఈ భవనం అక్కర్లేకపోతే విప్పి, ఆ కొయ్యతో మరో ఇల్లు కట్టుకోవచ్చు. చెట్టు పెరిగేటప్పుడు గాలిలోంచి తీసుకున్న బొగ్గుపులుసు వాయువు అన్నాళ్లూ ఆ దూలంలోనే బందీగా ఉంటుంది. ఒక ఘనపు మీటరు కొయ్యలో దాదాపు ఒక టన్ను.

నెక్కర్ నుంచి ఎర్రగుంట్ల దాకా

హైడెల్‌బర్గ్ నగరానికి రెండో ముఖమూ ఉంది. ప్రపంచంలోని అతి పెద్ద సిమెంటు సంస్థల్లో ఒకటి 1870లలో పుట్టింది ఇక్కడే. ఊరి పేరే దాని పేరు. ఆ పేరు తెలుగునేలను కూడా తాకింది. 2016లో ఇటలీ సంస్థ ఒకదాన్ని కొన్నప్పుడు, కడప జిల్లా ఎర్రగుంట్లలోని జువారి సిమెంటు కర్మాగారం దాని చేతికి వచ్చింది. నెక్కర్ ఒడ్డున కాగితం మీద పడే సంతకానికీ ఎర్రగుంట్ల సున్నపురాతి గనికీ అలా బంధం కుదిరింది.

సిమెంటు కావాలంటే సున్నపురాయిని 1,450 డిగ్రీల దగ్గర కాల్చాలి. పొయ్యిలో మండే బొగ్గు ఒక పాలు వాయువును వదిలితే, కాలిన రాయి తనలో దాచుకున్న వాయువును అంతకన్నా ఎక్కువ వదులుతుంది. మనిషి గాలిలోకి వదిలే బొగ్గుపులుసు వాయువులో ఏడెనిమిది శాతం సిమెంటుదే. ఆ సంస్థ కూడా ఈ నిజాన్ని దాచలేదు. నార్వేలోని బ్రెవిక్‌లో ఏడాదికి 4 లక్షల టన్నుల వాయువును పట్టి సముద్రం అడుగున పూడ్చే ఏర్పాటును 2025లో ప్రారంభించింది. ఇంకోపక్క హైడెల్‌బర్గ్ నగరం, అమెరికా సైన్యం ఖాళీ చేసి వెళ్లిన ప్యాట్రిక్ హెన్రీ విలేజ్ అనే కాలనీలోని 325 భవనాల్లో ఎంత సామాను ఉందో లెక్క రాయించింది. నాలుగున్నర లక్షల టన్నులకు పైగా తేలింది. కూల్చితే చెత్త, విప్పితే గని. ఆ పాత కాంక్రీటు, ఇటుక, ఇనుము కొత్త ఇళ్లకు ఎంత పనికొస్తాయో ముందే తెలిస్తే కొండను కొత్తగా తవ్వాల్సిన అవసరం అంతమేరకు తగ్గుతుంది.

మా మిద్దె, మన స్లాబు

మా అమ్మమ్మ వాళ్లది రాయలసీమ మిద్దె. మందపాటి రాతి గోడలు, పైన దూలాలు, దంతెలు, వాటి మీద బండలు, ఆపైన జానెడు మట్టి. వానలకు ముందు తాతయ్య చౌడు తెప్పించి మిద్దెమీద పరిపించేవాడు. పిల్లలమంతా ఎక్కి తొక్కేవాళ్లం. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం బయట నుంచి లోపలికి అడుగుపెడితే ఒళ్లు చల్లబడేది. ఆ మిద్దెను పడగొట్టి స్లాబు వేయించింది మేమే. చౌడు పరిచే ఓపిక లేక, నలుగురిలో నామోషీ అనిపించి. ఇప్పుడు రాత్రి పదకొండింటికి కూడా ఆ స్లాబు పగలు తాగిన ఎండను మా మీద కక్కుతూనే ఉంటుంది. ఏసీ లేకుండా అమ్మకు నిద్ర పట్టదు. మేము పడగొట్టింది ఒక మిద్దెను మాత్రమే అనుకున్నాం. తాతయ్య నెత్తిమీద మోసిన విద్య కూడా దాంతోపాటే కూలిందని ఈ హైడెల్‌బర్గ్ కథ తెలుసుకున్నాకే నాకు అర్థమైంది.

మిద్దెలోని జానెడు మట్టీ పాసివ్ హౌస్ గోడలోని దుప్పటీ ఒకే లక్ష్యంతో పనిచేస్తాయి. కోస్తా మండువా లోగిలి వెలుతురునూ గాలినీ నడిమింట్లోకి పిలిచింది. ఉత్తరాంధ్ర చుట్టిల్లు తుపాను గాలిని పక్కకు జారనిచ్చింది. మన పెద్దల దగ్గర లేనిది కొలత. మన దగ్గర ఇప్పుడు కొలత ఉంది, ఆ విద్య జారిపోతోంది. రెండింటినీ ముడివేసిన ఉదాహరణలూ మన కళ్లముందే ఉన్నాయి. హైదరాబాద్‌లో పరిశ్రమల సమాఖ్య సీఐఐ వారి హరిత వ్యాపార కేంద్రం 2004 జులైలో రాష్ట్రపతి అబ్దుల్ కలాం చేతుల మీదుగా మొదలైంది. ఆర్కిటెక్ట్ కరణ్ గ్రోవర్ నమూనా గీసిన ఆ భవనం నడుమ గుండ్రటి ముంగిలి ఉంటుంది, గాలిని చల్లబరిచి లోపలికి పంపే గోపురాలుంటాయి. పర్యావరణ హిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపును అమెరికా బయట పొందిన తొలి భవనం అదే.

హైదరాబాద్ శివారు పోచారంలోని ఇన్ఫోసిస్ ప్రాంగణంలో మరో మంచి ప్రయోగం జరిగింది. ఒకే భవనాన్ని రెండు సగాలు చేసి, ఒక సగంలో మామూలు ఏసీ, మరో సగంలో స్లాబులో పైపులు వేసి చన్నీళ్లు పారించే పద్ధతి పెట్టారు. పక్కపక్కనే ఏడాది పాటు కొలిస్తే, చన్నీళ్ల సగం చల్లదనానికి మూడో వంతుకు పైగా తక్కువ కరెంటు వాడింది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లటి పైకప్పుల విధానం తెచ్చి, 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల మేర కప్పులను ఎండను తిప్పికొట్టేలా మార్చాలని గురి పెట్టుకుంది.

అయితే ఇవన్నీ విడివిడి దీపాలు. హెగ్గర్ చేసినట్టు దీపం నుంచి దీపం వెలిగించే పని మన ఆర్కిటెక్చర్ కాలేజీల్లో జరగాలి. విజయవాడలో, హైదరాబాద్‌లో చదివే పిల్లలు ఒక సెమిస్టరు పాటు మేస్త్రీ పక్కన నిలబడి తాపీ పట్టాలి. తాము గీసిన గదిలో మే నెల మధ్యాహ్నం థర్మామీటరు పెట్టి కొలవాలి. చౌడు పరిచిన తాతల్ని, గానుగ సున్నం తొక్కించిన మేస్త్రీల్ని పరీక్షకులుగా పిలవాలి. జర్మనీ కొయ్యను మనం దిగుమతి చేసుకోనక్కర్లేదు. మనకు కడప బండ ఉంది, వెదురు ఉంది, థర్మల్ కేంద్రాల బూడిద ఇటుక ఉంది, కాళ్ల కింద మట్టి ఉంది. హైడెల్‌బర్గ్ నుంచి తెచ్చుకోవాల్సింది ఒక్కటే, ఆ ప్రశ్న. ఎంత చోటు కావాలి?

ఆ ప్రశ్న అడగడానికి మన సంప్రదాయంలోనే ఒక మంచి రోజు ఉంది. ఇల్లు మొదలుపెట్టే ముందు మేస్త్రీ తాడు పట్టి నేలమీద ముగ్గు పోస్తాడు. ఇదిగో హాలు, ఇదిగో వంటిల్లు, ఇది చుట్టాల గది అని తెల్లటి గీతలు చూపిస్తాడు. ఆ రోజు ఇంటిల్లిపాదీ వెళ్లి ఆ గీతల మధ్య కాసేపు నిలబడండి. ఈ గదిలో పడుకునేదెవరు? ఏడాదిలో ఎన్ని రాత్రులు? మధ్యాహ్నం ఎండ ఏ గోడ మీద పడుతుంది? జవాబు చెప్పుకుని, అవసరమైతే గోడ జరపండి. మర్నాడు గునపం దిగాక ఆ గోడ జరగదు. ఆ రోజు మాత్రం దాన్ని జరపడానికి ఒక చీపురు చాలు.